మంచి స్థితిలో ముట్టింది

మే 9, శుక్రవారం

వచ్చాయి. రెండూ ఒకే లారీలో వచ్చాయి. గడ్డి కోసే యంత్రం ఒకటి, కోసిన గడ్డిని తిరగేసి ఆరబెట్టే యంత్రం ఇంకొకటి. లారీ మా సందులోకి తిరగగానే పిల్లనిచ్చిన మామ మాలకీ వంటింటి కిటికీ దగ్గరికి చేరాడు. నేను అటు చూడలేదు, చూడనక్కర్లేదు కూడా. ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన దగ్గర్నుంచీ ఆ కిటికీ నా వీపుకు కాపలా కాస్తూనే ఉంది.

లారీ తోలుకొచ్చింది ఫెర్గల్. మామ చెల్లెలి కొడుకు, అంటే మా ఆవిడ డింప్నాకు మేనత్త కొడుకు. సన్నగా తుంపర పడుతోంది. మా లీట్రిమ్ జిల్లాలో దాన్ని వాన అని ఎవరూ అనరు. యంత్రాలు రెండింటికీ తెల్లటి ప్లాస్టిక్ చుట్టలు చుట్టలుగా చుట్టి ఉంది. ఫెర్గల్ వాటిని వాకిట్లో దింపి, కాగితం చాపాడు. "సరుకు మంచి స్థితిలో ముట్టింది" అని అచ్చేసి ఉంది, కింద సంతకానికి గీత.

"విప్పి చూసుకుంటావా మరి?" అన్నాడు. అంటూనే పెన్ను నా వేళ్ల మధ్య పెట్టాడు.

ఎలా చూసుకుంటాను? వాడి మేనమామ వాకిట్లోనే వాణ్ణి తుంపరలో నిలబెట్టి, ప్లాస్టిక్ చింపి, ఒక్కో బోల్టూ తడిమి చూడటమంటే నీమీద నాకు నమ్మకం లేదని మొహం మీద అన్నట్టే. అయినవాడు తెచ్చిన సరుకును వాడి ఎదుటే తనిఖీ చేసేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. ముక్కూ మొహం తెలియని డ్రైవరైతే గంటసేపు చూసేవాణ్ణి.

"చూసేదేముందిరా, లోపలికి రా, టీ తాగుదువు" అని సంతకం పెట్టేశాను.

వద్దన్నాడు. మళ్లీ వద్దన్నాడు. మూడోసారి అడిగాక బూట్లు విప్పుకుని లోపలికొచ్చి రెండు కప్పుల టీ తాగాడు. హామ్ పెట్టిన బ్రెడ్డు ముక్కలు మాత్రం ఎందుకో సగమే తిన్నాడు. ఫెర్గల్ పళ్లెంలో మిగలడం నేనెప్పుడూ చూడలేదు.

వాడు వెళ్లాక మామ అన్నాడు, "అయితే వచ్చేశాయన్నమాట నీ బొమ్మలు."

"వచ్చాయి మామా."

"ఇక చూద్దాం మరి గాల్వేవాడి ప్రతాపం. బార్ట్లీని వద్దన్నావుగా."

పద్నాలుగేళ్లయింది గాల్వే నుంచి వచ్చి. ఇంకా గాల్వేవాణ్ణే. బార్ట్లీ అంటే ఊరందరి గడ్డీ కోసిపెట్టే మనిషి, పెద్ద పెద్ద ట్రాక్టర్లున్నాయి. మా పొలమూ ఇన్నాళ్లూ అతనే కోశాడు. పోయిన నెల చర్చి బయట నలుగురిలో "ఈసారి నువ్వు రానక్కర్లేదు బార్ట్లీ, నాకు సొంతం వస్తున్నాయి" అనేశాను. కొంచెం గట్టిగానే అన్నాను.

ఈస్టర్ రోజున మామ మాటిచ్చాడు. మొదటి కోత నా చేతుల మీదుగా సవ్యంగా జరిగితే లాయరు దగ్గరికెళ్లి పొలం మా ఇద్దరి పేర్ల మీదా, నాదీ డింప్నాదీ, రాస్తానని. నేను పేడ ఎత్తిన పొలం, నేను కాలవలు తవ్విన పొలం. అందులో ఇప్పటికీ ఒక కంచె గుంజ మార్చాలన్నా ఆయన్ని అడగాలి. జీతగాడు కూడా అన్నిసార్లు అడగడు. ఇక ఆ బాధ తీరిపోతుంది.

మే 10, శనివారం

విప్పాను.

రాయబుద్ధి కావడం లేదు.

మే 11, ఆదివారం

రాస్తాను. రాస్తేనన్నా మనసు కుదుటపడుతుందేమో.

కోసే యంత్రాన్ని ట్రాక్టరుకు తగిలించే చట్రం ఒక పక్కకు వంగిపోయింది. కత్తుల పళ్లేలు వరసగా ఉండే పొడవాటి బల్ల మధ్యలో కుంగింది. చేత్తో తిప్పి చూశాను. రెండు పళ్లేలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. తిరగేసే యంత్రానికి ఒక చెయ్యి మెలి తిరిగింది, గేరు పెట్టె పగిలింది. నూనె ప్లాస్టిక్ లోపలే కారి లోపలే గడ్డకట్టింది. అంటే దెబ్బ నా వాకిట్లో తగిలింది కాదు. ఇక్కడికి రాకముందే తగిలింది. ఆ ప్లాస్టిక్ మడిచి షెడ్డు వెనక దాచాను.

యంత్రాల మీద పచ్చ టార్పాలిన్ కప్పేశాను. మామ అడిగితే "కొత్త రంగు, వానకు తడవకూడదు" అన్నాను. ఆయన నవ్వాడు. "వానకు తడవని యంత్రమైతే లీట్రిమ్‌కెందుకు తెచ్చావయ్యా?"

ఇంకా ఎవరికీ చెప్పలేదు. భయపడి కాదు. ముందు షాపువాడితో మాట్లాడి, మార్చి ఇస్తానన్నాక ఇంట్లో చెబితే అందరికీ మంచిదని.

మే 12, సోమవారం

యంత్రాలు అమ్మిన షాపు నోయెల్ దగ్గరికి వెళ్లాను. ఫోన్లో తీసిన ఫోటోలు చూపించాను. చాలాసేపు చూశాడు, తల గోక్కున్నాడు.

"సంతకం పెట్టావు కదా జార్లత్."

"ప్లాస్టిక్ లోపల నూనె కారి ఎండిపోయింది నోయెల్. నేను విప్పకముందే పగిలిందనేగా?"

"నాకు తెలుస్తోందయ్యా. కంపెనీవాడికి తెలియాలిగా. చూడు, దీనికి రెండే దార్లు. లారీలో దెబ్బతిందని నువ్వు రాసిస్తే నేను పంపిస్తాను. వాళ్లు లారీవాళ్ల మీద పడతారు, లారీవాళ్లు డ్రైవరు మీద పడతారు. ఫెర్గల్‌ని ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించారని నీకూ తెలుసు. రాయనంటావా, నువ్వు పెట్టిన సంతకమే నీ మాట."

"వాడి పేరు లేకుండా రాస్తే?"

"ఆ రోజు ఆ లారీ ఎవడు తోలాడో వాళ్లకు తెలియదంటావా?"

ఇంటికొచ్చేదారిలో చెరువు పక్కన బండి ఆపుకుని కూర్చున్నాను. ఫెర్గల్‌కి ఇద్దరు మగపిల్లలు. మాకు లేరు. ఆ మాట మామ నోటి నుంచి సూటిగా ఎప్పుడూ రాదు. "ఫెర్గల్ పిల్లలు ట్రాక్టరెక్కితే చూడాలి, ఆ పొట్టివాడైతే అచ్చం మా నాన్నే" అంటాడంతే. అని నావైపు చూడడు.

వాడి ఉద్యోగం నా వల్ల పోతే ఈ ఇంట్లో నాకు పొలమేమిటి, కుర్చీ కూడా ఉండదు.

మే 13

రేపు చెబుతాను. డింప్నాకు ముందు చెబుతాను.

మే 14, బుధవారం

వాన. నిజమైన వాన. దుకాణంలో అందరూ ఆకాశాన్ని తిడుతున్నారు, గడ్డి ముదిరిపోతోందని. నేనూ "అవునవును, ఘోరం" అన్నాను. లోపల మాత్రం ఇంకో వారం ఇలాగే కురవాలని మొక్కుకుంటున్నాను. సొంత పొలం గడ్డి పాడవ్వాలని కోరుకునే రైతును నేనొక్కణ్ణే అయ్యుంటాను. సొంత పొలం అని రాశాను. ఇంకా కాదు.

డింప్నా ఆసుపత్రిలో వరసగా రాత్రి డ్యూటీలు చేసి అలిసిపోయి ఉంది. ఇప్పుడు చెప్పి ఆమె నెత్తిన పెట్టడం ఎందుకు?

మే 15, గురువారం

ఫెర్గల్ వచ్చాడు. లారీ లేకుండా, తన కారులో, భార్య చేసిన రూబార్బ్ కేకు ఒకటి పట్టుకుని. వాడి భార్య మాకు కేకు పంపడం క్రిస్మస్‌కి తప్ప ఎరగం.

కూర్చున్నాడు. ఫుట్‌బాల్ గురించి మాట్లాడాడు, కొత్త ఫాదర్ ప్రసంగాలు ఎంత పొడుగో మాట్లాడాడు. నేనూ మాట్లాడాను. మామ పక్కనే ఉన్నాడు. కిటికీలోంచి పచ్చ టార్పాలిన్ కనిపిస్తూనే ఉంది. ముగ్గురం దానివైపు తప్ప అన్నివైపులా చూశాం.

కారు దాకా సాగనంపడానికి వెళ్లాను. తలుపు తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"యంత్రాలు బాగానే ఉన్నాయి కదా?"

నేను టార్పాలిన్ వైపు చూశాను.

"వంతెన మలుపులో ఎవడిదో దూడ అడ్డం వచ్చింది జార్లత్. బ్రేకు గట్టిగా తొక్కాను. వెనకాల ఏదో కదిలినట్టు చప్పుడైంది. ఆగి చూద్దామనుకున్నా. వెనక వరసగా కార్లున్నాయి."

"నాకు ఆ రోజే చెప్పొచ్చుగా."

"అడిగాను కదా, విప్పి చూసుకుంటావా అని."

అడిగాడు. నిజమే, అడిగాడు. నేను చూసుకోనని వాడికి తెలుసు. చూసుకోనని తెలిసే అడిగాడు. ఆ రెండు కప్పుల టీ తాగుతున్నంతసేపూ వాడికి తెలుసు.

"ఏంకాదులే, చిన్న చిన్న గీతలు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. వాడి మొహం ఎంత తేలికపడిందో! నా భుజం తట్టి కారెక్కాడు. నేను తేలుకుట్టిన దొంగలా ఇంట్లోకొచ్చాను, దొంగతనం చేసింది నేనైనట్టు.

కేకు బాగుంది. రెండు ముక్కలు తిన్నాను. దాని మీద కూడా కోపం వచ్చింది.

మే 18, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక మామ నాక్ పుణ్యక్షేత్రం నుంచి తెచ్చిన పవిత్ర జలం సీసా పట్టుకుని వాకిట్లోకొచ్చాడు. కొత్తగా ఏ బండి వచ్చినా, ఏ ఆవును తెచ్చినా ఆయనే చల్లుతాడు. అత్తయ్య పోయాక ఆ పని ఆయనది.

"టార్పాలిన్ తియ్యి."

"కోత రోజున చల్లుదురుగాని మామా. అప్పుడైతే పొలంలోనే..."

"పొలంలో దిగాక చల్లితే ఏం లాభం? దిగకముందే చల్లాలి. తియ్యవయ్యా."

"కట్టేశాను. తాళ్లు గట్టిగా బిగించాను."

నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత టార్పాలిన్ మీదే చల్లాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు, నన్నూ వేసుకోమన్నాడు. వేసుకున్నాను.

మే 20, మంగళవారం

శుక్రవారం నుంచి ఎండ అట. రేడియోలో చెప్పారు. నాలుగైదు రోజులు పొడిగా ఉంటుందట. మామ ఆ వార్తను మళ్లీ వినడానికి టీ చల్లారబెట్టుకున్నాడు.

"శుక్రవారం దిగుతావా?"

"దిగుతాను."

ఎలా దిగుతానో దేవుడికే తెలియాలి.

బార్ట్లీ ట్రాక్టర్లు ఇవాళ మా సందు ముందు నుంచే వెళ్లాయి. నేను గేటు దగ్గర ఉన్నాను. ఆపి, పైనుంచి వంగి పలకరించాడు.

"ఏం జార్లత్, కత్తులు నూరుకుంటున్నావా?"

"అవును బార్ట్లీ. నీకు ఈ వారం పని ఎక్కువేనా?"

"ఊపిరాడ్డం లేదు. వంతెన అవతల వాళ్లందరిదీ, తర్వాత ఫాదర్ వాళ్ల అన్నది. ఎందుకు?"

"ఏంలేదు. ఎప్పుడన్నా... అవసరం పడితే."

"నీకెందుకయ్యా అవసరం? నీకు సొంతం ఉన్నాయిగా!" అని నవ్వి గేరు మార్చాడు. పొగ నా మొహాన కొట్టింది. నోటికి బుద్ధి లేకపోతే ఇలాగే ఉంటుంది. నా నోటికే అంటున్నాను.

మే 21, బుధవారం

మామ పింఛను తెచ్చుకోవడానికి ఊళ్లోకి వెళ్లిన సమయం చూసి కోసే యంత్రాన్ని ట్రాక్టరుకు తగిలించాను. చట్రం వంకర కాబట్టి పిన్ను దిగదు. సుత్తితో కొట్టి దించాను. ఇంజను బలంతో యంత్రాన్ని తిప్పే పీటీఓ కడ్డీని నెమ్మదిగా తిప్పాను. డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టు మోత. వెంటనే ఆపేశాను. ఇంకొంచెంసేపు తిరిగుంటే ఒక కత్తి ఊడి కిటికీ అద్దంలోకి పోయేది.

ఆపి తిరిగి చూస్తే మామ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"ఏమిటా చప్పుడు?"

"కొత్తది కదా మామా. కుదురుకోవాలి."

"ఊఁ" అన్నాడు. వెళ్లిపోయాడు. యంత్రం దగ్గరికి వచ్చి చూడలేదు.

కుదురుకుంటుందేమో. నిజంగానే ఒక్కోసారి కొత్తవి అలా చప్పుడు చేస్తాయి. పళ్లేల కింద రెండు రేకులు పెడితే ఎత్తు సరిపోవచ్చు.

సరిపోదు. ఏం రాస్తున్నాను నేను?

మే 22, గురువారం

డింప్నాకు చెప్పేశాను. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. వంతెన, దూడ, నూనె, నోయెల్ అన్న మాట, అంతా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నీకెందుకు బాధ అని."

"నాకు బాధ అని కాదు, నాన్నకు తెలుస్తుందని." ఆమె నన్ను పెళ్లి చేసుకుని పద్నాలుగేళ్లయింది మరి, ఆమెకు నా అబద్ధాలు తెలుసు. "ఇప్పుడేం చేస్తావు?"

"రాసిస్తాను. లారీలో పగిలిందని. నిజం అదేగా."

రెండో బూటు కూడా విప్పి గోడ వారగా పెట్టింది. "రాసిస్తే మా మేనత్త మళ్లీ మన గడప తొక్కదు. ఫెర్గల్‌కి ఇంటి అప్పుంది. ఆ పిల్లలు..." అని ఆగిపోయింది.

"మరి నేను? నేనేం చేశాను డింప్నా? నేను చేసిన తప్పేమిటి?"

"నువ్వేం చెయ్యలేదు" అంది. నా చెయ్యి పట్టుకుంది. "రాయి. నువ్వన్నది నిజమే. రాయి."

రాశాను. ఫెర్గల్ పేరు కూడా రాశాను. కోపంగా ఉంది, కోపంగానే రాశాను. రేపు పొద్దున నోయెల్‌కి ఇచ్చేస్తాను. ఇన్నాళ్లకు కడుపులోంచి రాయి తీసినట్టుంది.

మే 23, శుక్రవారం

ఎండ కాస్తోంది. ఊరంతా ట్రాక్టర్ల చప్పుడు.

షాపుకి వెళ్లాను. నేను జేబులోంచి కాగితం తీయకముందే నోయెల్ నవ్వడం మొదలుపెట్టాడు.

"ముందే చెప్పొచ్చుగా నాయనా! పది రోజులు నన్ను అయోమయంలో పెట్టావు."

"ఏం చెప్పాలి?"

"గేటు స్తంభాన్ని గుద్దావని! మాలకీ పొద్దున్నే ఫోన్ చేశాడు. ట్రాక్టరు వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టావట, కోసేది వెళ్లి తిరగేసేదాని మీద పడిందట. మొహం చెల్లక చెప్పలేకపోయాడు, ఏమనుకోవద్దు అన్నాడు. ఇందులో సిగ్గేముందయ్యా, అందరికీ అవుతాయి. పొలం ఇన్సూరెన్స్‌లో వాకిట్లో ప్రమాదాలకు వస్తుందిగా. క్లెయిమ్ పెట్టుకో."

షాపులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లూ నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాగితం జేబులోనే ఉంది. తీస్తే ఏమవుతుంది? మామ అబద్ధాలకోరు అని ఊరి మధ్యలో నిలబడి అల్లుడు చెప్పినట్టవుతుంది. తీయలేదు.

ఇంటికొచ్చాను. మామ వాకిట్లోనే ఉన్నాడు, కుర్చీ వేసుకుని ఎండలో. నాకోసమే కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పారు అలాగని?"

"డింప్నా చెప్పింది నాకు. తప్పు పట్టకు దాన్ని, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. కూర్చో."

"కూర్చోను. నేను స్తంభాన్ని గుద్దానా? ఎప్పుడు గుద్దాను?"

"గుద్దలేదు. నాకు తెలియదా? కూర్చోవయ్యా, మెడ నొప్పెడుతోంది పైకి చూడ్డానికి."

నేను నిలబడే ఉన్నాను.

"లెక్క చూడు" అన్నాడు, చాలా శాంతంగా. "నువ్వు రాసిస్తావు, ఫెర్గల్ ఉద్యోగం ఊడుతుంది. నా చెల్లెలు ఈ ఇంటికి రాదు. కంపెనీవాళ్లూ లారీవాళ్లూ నీ సంతకం పట్టుకుని ఏడాది కొట్టుకుంటారు, ఈలోగా నీకు యంత్రం లేదు. నేను చెప్పినట్టయితే ఇన్సూరెన్స్‌వాడు ఇస్తాడు, వాడి ఉద్యోగం వాడికుంటుంది, కొత్త యంత్రం నీకొస్తుంది. నీకు పోయేదేమిటి? నలుగురు నాలుగు రోజులు నవ్వుతారు."

"నాలుగు రోజులా? ఈ ఊళ్లోనా? నేను చచ్చాక కూడా చెప్పుకుంటారు, గాల్వే నుంచొచ్చిన వాడొకడు కొత్త యంత్రాన్ని స్తంభానికేసి కొట్టాడని."

"చెప్పుకోనీ."

"నన్నొక మాట అడగాల్సింది. నేనే మీ కొడుకునైతే అడిగేవారు."

"నా కొడుకైతే" అన్నాడు మామ, "ఆ మాట నాకంటే ముందు వాడే చెప్పేవాడు."

నేను షెడ్డు వైపు చెయ్యి చూపించాను.

"ఆ ప్లాస్టిక్ ఉంది నా దగ్గర. నూనె ఎండిన ప్లాస్టిక్" అన్నాను. ఎందుకన్నానో, బెదిరించడానికే అయ్యుంటుంది.

"పొద్దున తగలబెట్టేశాను" అన్నాడు. "లాయరుతో మాట్లాడాను. గురువారం మధ్యాహ్నం రమ్మన్నాడు. మొదటి కోత అదీ ఇదీ అన్నీ వదిలెయ్. నువ్వు ఈ ఇంటివాడివా కాదా, అది కనబడితే చాలు నాకు."

షెడ్డు వెనక చూశాను. నల్లటి మచ్చ ఉంది.

మే 24, శనివారం

బార్ట్లీ ఫోన్ చేశాడు. అతనే చేశాడు.

"జార్లత్, స్తంభం ఎలా ఉంది? ప్రాణాలతో ఉందా?"

ఆ నవ్వు ఆగేదాకా ఆగాను. తర్వాత, "స్తంభం బాగానే ఉంది, నా పరిస్థితే బాలేదు" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. అటువైపు ఇంకో ఇద్దరు నవ్వడం వినిపించింది.

"సరేలే, మనిషన్నాక అవుతుంది. రేపు పూజ అవగానే వచ్చేస్తా, ముందు నీదే కోసి పడేస్తా. వంతెనవాళ్లు ఆగుతారు."

నెల రోజులుగా ఎత్తిపొడుపులే తప్ప నాతో మంచిగా మాట్లాడని మనిషి. నేను నిజం చెప్పి కాళ్లు పట్టుకున్నా వచ్చేవాడు కాదు.

మే 25, ఆదివారం

చర్చి బయట ఆరుగురు ఏడుగురు పలకరించారు. ఎప్పుడూ పలకరించని వాళ్లు కూడా పలకరించారు. "వెనక్కి చూసుకో, చర్చికి కూడా స్తంభాలున్నాయి" అన్నాడొకడు. ఫెర్గల్ అక్కడే ఉన్నాడు. అందరితో కలిసి నవ్వాడు, అందరికంటే కొంచెం గట్టిగా. తర్వాత నా పక్కకు వచ్చి ఏమీ అనకుండా నిలబడ్డాడు. మా ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. వాణ్ణి కొట్టాలనిపించింది. "మీ ఆవిడ కేకు బాగుందిరా" అన్నాను.

బార్ట్లీ సాయంత్రానికి కింది పొలమూ పై పొలమూ కోసేశాడు. గడ్డి వాసన ఇల్లంతా నిండింది. చలికాలానికి మేతకు దిగుల్లేదు. సంతోషించాల్సిన సంగతే.

డింప్నా అడిగింది, "నామీద కోపమా?"

లేదన్నాను. ఉంది.

మే 27, మంగళవారం

గడ్డి చుట్టలు కట్టడం అయిపోయింది. నల్ల ప్లాస్టిక్ కప్పిన చుట్టలు వరసగా పేర్చాం, మామా నేనూ. ఒక చుట్ట పక్కకు దొర్లితే "జార్లత్, చెయ్యి!" అని అరిచాడు. నా పేరు పెట్టి పిలిచాడు. పేర్చడం అయ్యాక గుర్తొచ్చింది నాకు.

ఇన్సూరెన్స్ మనిషి గురువారం పొద్దున వస్తాడట, చూడ్డానికి. అదే రోజు మధ్యాహ్నం లాయరు.

ఇప్పుడు కూడా అతనితో నిజం చెప్పొచ్చు. నన్నెవరూ ఆపలేరు. ప్లాస్టిక్ లేకపోతేనేం, ఫోన్లో ఫోటోలున్నాయి.

మే 28, బుధవారం

పొద్దున టీ తాగుతూ మామ అన్నాడు, "స్తంభం మీద ఒక్క గీత కూడా లేదు."

నేను తలెత్తలేదు.

"వచ్చేవాడు గుడ్డివాడు కాదుగా. యంత్రం ఇంత వంగితే రాయికి ఏమన్నా అవ్వాలి."

"మీరే చెప్పారుగా, గుద్దానని. మీరే చూసుకోండి."

"నేను ట్రాక్టరెక్కి ఎన్నేళ్లయిందయ్యా. నా కాలు క్లచ్ మీద ఆనదు."

టీ చల్లారిపోయింది. డింప్నా వంటింట్లో మా ఇద్దరి మాటలూ వింటూ గిన్నె తుడుస్తోంది, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది. నేను ఆమె వైపు చూశాను. వద్దు అంటుందేమోనని చూశాను. అనలేదు.

లేచి బయటికెళ్లాను. టార్పాలిన్ తాళ్లు విప్పాను. కోసే యంత్రాన్ని తగిలించాను, సుత్తితో కొట్టి పిన్ను దించాను. ఎక్కి కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాను. అద్దంలో మామ కనిపించాడు, కర్ర పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. ఆయన నాన్న కట్టిన స్తంభం అది, రాళ్లు ఒక్కొక్కటీ చెరువు అవతల నుంచి బండి మీద తెచ్చాడట.

"రానీ" అన్నాడు చెయ్యి ఊపుతూ. "రానీ, రానీ. కొంచెం ఎడమకి. అంత వద్దు. ఆఁ, అలాగే రానీ."

ఇన్నేళ్లలో ఆయన నాతో ఇంత ఓపిగ్గా మాట్లాడటం వినలేదు. ఎడమకి అంటే ఎడమకి తిప్పాను, ఆపు అంటే ఆపాను. మామా అల్లుళ్లం ఎంత బాగా కలిసి పనిచేశామో! ఎవరైనా రోడ్డు మీద నుంచి చూసుంటే ముచ్చటపడేవాళ్లు.

"ఇప్పుడు తొక్కు" అన్నాడు.

తొక్కాను.

రాయి పైన అరచేయంత ముక్క ఎగిరిపోయింది. యంత్రం ఇంకా వంగింది. ఇంజను ఆగాక అంతా నిశ్శబ్దమైపోయింది, వాకిట్లో కోళ్లు కూడా కదల్లేదు. మామ వంగి స్తంభాన్ని తడిమి చూశాడు. నా దగ్గరికొచ్చి, దిగడానికి చెయ్యి అందించాడు. నేను పట్టుకున్నాను.

ఫోన్లో ఫోటోలు తీసేశాను.

మే 29, గురువారం

పొద్దున ఇన్సూరెన్స్ మనిషి వచ్చాడు, మంచివాడే, టీ ఒకసారి అడగ్గానే తాగాడు. మధ్యాహ్నం లాయరు దగ్గర సంతకాలయ్యాయి. పొలం మా పేరైంది. డింప్నా ఏడ్చింది.

ఎలా జరిగిందని పొద్దున ఇన్సూరెన్స్ మనిషి అడిగాడు. చెప్పాను. ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను. ఆ రోజు తుంపర పడుతోంది. వాకిలి జారుడుగా ఉంది. కొత్త యంత్రాన్ని షెడ్డులోకి పెడదామని ట్రాక్టరు వెనక్కి తీశాను. తొందరపడ్డాను, అద్దం చూసుకోలేదు. యంత్రం వెళ్లి గేటు స్తంభానికి కొట్టుకుంది. మామ కిటికీలోంచి ఆగమని అరిచాడు కానీ నాకు వినబడలేదు. తప్పు నాదే.